బడిలో ఒక పెద్దదిక్కు: అమెరికా మిడిల్ స్కూళ్లలో అడ్వైజరీ పీరియడ్

అమెరికాలో ఐదో తరగతి పూర్తిచేసి మిడిల్ స్కూల్లో చేరే పిల్లల టైమ్‌టేబుల్లో లెక్కలు, సైన్సు, ఇంగ్లిషు, సాంఘికశాస్త్రం వంటి తెలిసిన పేర్ల మధ్య చాలాచోట్ల అడ్వైజరీ అనే పీరియడ్ ఒకటి కనిపిస్తుంది. దానికి పాఠ్యపుస్తకం ఉండదు, సాధారణంగా మార్కులు ఉండవు, పరీక్ష అసలే ఉండదు. అందువల్ల పిల్లల చదువును మార్కుల్లో కొలిచి చూసే అలవాటున్న తల్లిదండ్రులకు, ముఖ్యంగా న్యూజెర్సీలోనో టెక్సస్‌లోనో స్థిరపడి పిల్లల్ని అక్కడి ప్రభుత్వ బడులకు పంపుతున్న తెలుగువారికి, ఇరవై ముప్పై నిమిషాలు ఇలా ఖర్చుపెట్టడంలోని ఆంతర్యం ఒక పట్టాన బోధపడకపోతే అందులో వింతేమీ లేదు. పన్నెండేళ్ల పిల్లలు గుండ్రంగా కూర్చుని ఒకరినొకరు పేరుపెట్టి పలకరించుకోవడం, ఏదో ఆట ఆడడం, నిన్నటి సంగతి ఒకటి చెప్పుకోవడం చదువు ఎలా అవుతుందన్న ప్రశ్న న్యాయమైనదే. ఆ ప్రశ్నకు అమెరికా విద్యావేత్తలు దశాబ్దాలుగా జవాబు చెబుతూ వస్తున్నారు. ఆ జవాబులో గట్టి భాగమూ ఉంది, డొల్ల భాగమూ ఉంది.

స్థూలంగా అడ్వైజరీ ఏర్పాటు ఇది. బడిలోని పిల్లలందరినీ పది పన్నెండు మంది మొదలు పదిహేను, ఇరవై మంది వరకు ఉండే చిన్న బృందాలుగా విడదీసి, ఒక్కో బృందాన్ని బడిలో పనిచేసే ఒక్కొక్కరికి అప్పగిస్తారు. ఆ బాధ్యత తీసుకున్నవారిని అడ్వైజర్ అంటారు. బృందం రోజూ గాని, వారానికి మూడు నాలుగు సార్లు గాని కలుసుకుంటుంది. కొన్ని బడుల్లో ఆరో తరగతిలో కుదిరిన బృందమే అదే అడ్వైజర్‌తో ఎనిమిదో తరగతి చివరిదాకా కొనసాగుతుంది. తమ బృందంలోని ఏ బిడ్డ ఏ సబ్జెక్టులో వెనకబడిందో, ఎన్ని రోజులు బడి మానిందో, మధ్యాహ్నం భోజనం ఎవరితో కలిసి చేస్తుందో, ఇంట్లో ఈమధ్య ఏం మారిందో తెలిసి ఉండడం అడ్వైజర్ పని. హాజరు వేసి ప్రకటనలు చదివే హోమ్‌రూమ్ అనే పాత ఏర్పాటుకు దీనితో పైపై పోలిక ఉన్నా, ఉద్దేశం వేరు. పిల్లల మనసు సంగతి చూసుకోవడానికి కౌన్సిలర్లు లేరా అంటే ఉన్నారు గాని, ఒక్కొక్కరికి 250 మందికి మించి విద్యార్థులు ఉండకూడదని అక్కడి స్కూల్ కౌన్సిలర్ల సంఘమే చెబుతుండగా, దేశమంతటి సగటు ఇటీవలి సంవత్సరాల్లో 380 దగ్గర తిరుగుతోంది. అంతమందిని చూసుకోవలసిన మనిషికి గొడవపడ్డవాళ్లు, ఏడ్చేవాళ్లు కనిపిస్తారు గాని, నోరు విప్పకుండా మూలన కూర్చునేవాళ్లు కనిపించరు.

జూనియర్ హైస్కూల్ నుంచి మిడిల్ స్కూల్‌కు

అమెరికాలో చాలాకాలం ఎనిమిదేళ్ల ప్రాథమిక విద్య, ఆపైన నాలుగేళ్ల హైస్కూల్ ఉండేవి. ఈ రెంటి మధ్య పిల్లలు పెద్దసంఖ్యలో బడి మానేస్తున్నారన్న ఆందోళనతో 1909లో ఒహాయో రాష్ట్రంలోని కొలంబస్ నగరంలో జూనియర్ హైస్కూల్ పేరుతో కొత్త మెట్టు ఒకటి కట్టారు. పేరులో ఉన్నట్టుగానే అది హైస్కూల్‌కు చిన్న నమూనాగా తయారైంది: సబ్జెక్టుకొక టీచరు, గంట మోగగానే గది మార్పు, విభాగాలుగా చీలిన పాఠాలు. అరవయ్యవ దశకం వచ్చేసరికి ఈ నమూనా ఆ ఈడు పిల్లలకు సరిపడడం లేదన్న విమర్శ బలపడింది. 1963లో కార్నెల్ విశ్వవిద్యాలయంలో జరిగిన ఒక సమావేశంలో విలియం అలెగ్జాండర్ అనే విద్యావేత్త, పిల్లల ఎదుగుదలను ఆధారం చేసుకొని, రాబోయే హైస్కూల్ అవసరాలను కాక ఆ ఈడు అవసరాలనే చూసే మిడిల్ స్కూల్ కావాలని ప్రతిపాదించారు. ఆ ఉద్యమం నుంచి 1973లో నేషనల్ మిడిల్ స్కూల్ అసోసియేషన్ పుట్టింది.

ఈ ఆలోచన దేశం దృష్టికి గట్టిగా వచ్చింది 1989లో. కౌమారదశపై అధ్యయనానికి కార్నెగీ కార్పొరేషన్ నెలకొల్పిన మండలి ఆ ఏడు టర్నింగ్ పాయింట్స్ పేరుతో ఒక నివేదిక వెలువరించింది. పెద్ద బడులను చిన్న సముదాయాలుగా విడగొట్టాలని, ప్రతి విద్యార్థినీ బాగా ఎరిగిన పెద్దవాళ్లు కనీసం ఒక్కరైనా బడిలో ఉండాలని అది సిఫారసు చేసింది. చదవడానికి ఇది సాదాసీదా మాటే. ఒక్కో టీచరు రోజుకు నూటికి పైగా పిల్లలకు పాఠం చెప్పే బడిలో, ప్రతి బిడ్డకూ తనను ఎరిగిన ఒకరిని చూపించడం మాత్రం సాదాసీదా పని కాదు. టైమ్‌టేబుల్‌ను విప్పి మళ్లీ అల్లుకుంటే తప్ప అది జరగదు. అడ్వైజరీ ఆ అల్లికలో పుట్టిన పీరియడ్.

ఈ ఈడు పిల్లల విషయంలోనే ఇంత పట్టింపు ఎందుకన్నదానికి పరిశోధకులు చూపిన కారణాలు ఆలోచించదగినవి. పదకొండు, పన్నెండేళ్ల వయసులో శరీరం మారుతుంది, తోటివారి మాటకు విలువ పెరుగుతుంది, సొంతంగా నిర్ణయించుకోవాలన్న కోరిక మొలకెత్తుతుంది, తల్లిదండ్రులు కాని పెద్దలతో స్నేహం అవసరమవుతుంది. సరిగ్గా అప్పుడే బడి వాళ్లను తెలిసిన గది నుంచి, తెలిసిన టీచరు నుంచి విడదీసి, వందలమంది ఉండే భవనంలోకి పంపి, ఆంక్షలు పెంచి, మార్కుల పోటీ ముమ్మరం చేస్తుంది. జాక్లిన్ ఎక్లెస్, ఆమె సహచరులు దీన్ని వయసుకూ వాతావరణానికీ మధ్య పొంతన కుదరకపోవడంగా వివరించారు: బిడ్డకు ఏది ఎక్కువ అవసరమో బడి సరిగ్గా దాన్నే తగ్గిస్తుంది. మిల్వాకీ నగరంలో డెబ్బయ్యవ దశకంలో పిల్లల్ని కొన్నేళ్లపాటు అనుసరించి రొబెర్టా సిమన్స్, డేల్ బ్లైత్ 1987లో ప్రచురించిన అధ్యయనంలో, ఒకే బడిలో ఎనిమిదో తరగతి వరకు చదివినవారితో పోలిస్తే ఏడో తరగతిలో బడి మారిన ఆడపిల్లలకు తమమీద తమకున్న గౌరవం ఎక్కువగా దెబ్బతిన్నట్టు తేలింది. కౌమారంలో పిల్లలు సహజంగానే పెడసరంగా ఉంటారని సరిపెట్టుకునే పెద్దలకు ఈ ఫలితం ఇబ్బందికరమైనది, ఎందుకంటే తప్పు వయసుది మాత్రమే కాదనీ ఏర్పాటుదీ అందులో భాగమేననీ ఇది చెబుతోంది.

తోటివారి ప్రభావం ఎంతటిదో తెలుసుకోవడానికి మార్గో గార్డ్‌నర్, లారెన్స్ స్టెయిన్‌బర్గ్ 2005లో ప్రచురించిన ఒక ప్రయోగం ఉపకరిస్తుంది. కంప్యూటర్ తెరమీద కారు నడిపే ఆటలో, పసుపు దీపం వెలిగాక ఎంతదూరం తెగించి వెళతారన్నది చూశారు. ఒంటరిగా ఆడినప్పటికంటే స్నేహితులు పక్కన ఉన్నప్పుడు పదమూడు నుంచి పదహారేళ్ల పిల్లలు చాలా ఎక్కువ సాహసానికి పూనుకున్నారు. ఇరవై నాలుగేళ్లు దాటినవారిలో ఆ తేడా కనిపించలేదు. ఈ ఈడులో తోటివారి సమక్షం నిర్ణయాలను ఇంతగా మార్చగలిగితే, ఆ సమక్షాన్ని మెట్ల కిందికీ ఫోన్ గ్రూపులకూ వదిలేయకుండా, రోజులో కొద్దిసేపైనా ఒక పెద్దమనిషి కూర్చున్న వలయంలోకి తేవడం తెలివైన పనే అనిపిస్తుంది.

వలయంలో జరిగేది

అడ్వైజరీని నడిపే పద్ధతులు అనేకం ఉన్నా, విస్తృతంగా వాడుకలో ఉన్న ఒక నమూనా మిన్నెసోటాలో రూపుదిద్దుకున్న డెవలప్‌మెంటల్ డిజైన్స్ పద్ధతిలోని వలయ సమావేశం. పలకరింపు, పంచుకోవడం, ఆట, ఆనాటి కబురు అనే భాగాలతో అది ఇంచుమించు ఇరవై నిమిషాల్లో ముగుస్తుంది. పిల్లలు లోపలికి రాగానే గోడమీదో బోర్డుమీదో ఆనాటి కబురు కనిపిస్తుంది. అందులో అడ్వైజర్ రాసిన నాలుగు వాక్యాలు, ఒక చిన్న ప్రశ్న ఉంటాయి. ఆపైన బల్లలు పక్కకు జరిపి, కుర్చీలు గుండ్రంగా వేసుకొని, అందరికీ అందరి ముఖాలూ కనబడేలా కూర్చుంటారు. అడ్వైజర్ కూడా అదే వరసలో, అదే ఎత్తు కుర్చీలో కూర్చోవడం నియమం.

ఇందులో చూడడానికి అతి తేలికగా కనిపించి నిజానికి కష్టమైనది పలకరింపు. ప్రతి బిడ్డా పక్కనున్నవారి వైపు తిరిగి, పేరుపెట్టి, శుభోదయం చెప్పాలి. అవతలివారు అదే పద్ధతిలో బదులివ్వాలి. పక్కవారు స్నేహితులైనా, నిన్న గొడవపడ్డవారైనా, ఇంతవరకు ఒక్కసారీ మాట్లాడనివారైనా వరస మారదు. పేరు తప్పుగా పలికితే సరిచేసి మళ్లీ అనిపిస్తారు. హాజరు పట్టీలో తమ పేరు ఏ రూపంలో వినబడుతుందోనని ఉదయాన్నే బిక్కచచ్చి కూర్చునే వలస కుటుంబాల పిల్లలకు, అందులో సాయి వెంకట అనో లక్ష్మీ ప్రసన్న అనో పొడవాటి పేర్లు మోసే తెలుగు పిల్లలకు, తమ పేరు ప్రతిరోజూ కనీసం ఒక గొంతైనా సరిగ్గా పలుకుతుందన్న భరోసా చిన్నదేమీ కాదు. ఏడాది పొడవునా రోజుకొకరు చొప్పున అందరూ అందరి పేర్లూ పలికి ఉంటారు గనుక, ఆ బృందంలో ముఖం తెలిసి పేరు తెలియనివారు మిగలరు. ఎవరినైనా వెలివేయడానికి తొలి మెట్టు వారి పేరు పలకడం మానేయడమేనని పిల్లల మధ్య మసలేవారికి తెలుసు.

పంచుకోవడంలో ఒకరో ఇద్దరో తమ సంగతి ఒకటి రెండు మూడు వాక్యాల్లో చెబుతారు. అన్నయ్య కాలేజీకి వెళ్లిపోవడం, కుక్కపిల్ల తప్పిపోవడం, బాస్కెట్‌బాల్ జట్టులో చోటు దొరక్కపోవడం వంటివి. చెప్పడం అయ్యాక విన్నవారిలో ముగ్గురు ప్రశ్నలు అడగాలి. ఆ ప్రశ్నలు చెప్పినవారి గురించే ఉండాలి గాని అడిగేవారి గొప్ప చెప్పుకోవడానికి ఉండకూడదు. మా కుక్క కూడా ఒకసారి తప్పిపోయింది అనడం ఇక్కడ ప్రశ్న కాదు. చివరిసారి దాన్ని ఎక్కడ చూశావు అన్నది ప్రశ్న. ఈ తేడా పట్టుబడడానికి చాలామంది పిల్లలకు నెలలు పడుతుంది. పెద్దల్లో కొందరికి ఎప్పటికీ పట్టుబడదని వేరే చెప్పనక్కరలేదు. చెప్పడం ఇష్టంలేని రోజు వద్దనే హక్కు ప్రతి బిడ్డకూ ఉంటుంది. ఆ హక్కును వారాల తరబడి వాడుకుంటున్న బిడ్డను వలయంలో నిలదీయకుండా, విడిగా కారిడార్‌లో నడుస్తూ పలకరించడం మంచి అడ్వైజర్ లక్షణం.

పెద్దల ముందు ఎక్కువ మాట్లాడకూడదని, ఇంటి గుట్టు బయటపెట్టకూడదని నేర్పే ఇళ్ల నుంచి వచ్చిన పిల్లలకు ఈ పంచుకోవడం రెండు లోకాల మధ్య ఇరుకు. అమెరికాలోని తెలుగు ఇళ్లలో ఇది అరుదైన సంగతి కాదు. అనుభవమున్న అడ్వైజర్లు అందుకే మొదటి నెలల్లో ఇష్టమైన కూర, చూసిన సినిమా, వారాంతపు ప్రయాణం వంటి నిరపాయమైన విషయాలతో సరిపెట్టి, మనసులోని సంగతులను తామై లాగరు. అడ్వైజరీ సమయాన్ని చికిత్సగా పొరబడి, పిల్లల్ని ఏడిపిస్తే గాని లోతుకు వెళ్లినట్టు కాదనుకునేవారు ఈ రంగంలో లేకపోలేదు. ఆ పొరపాటు పిల్లల్ని బాధపెట్టడమే కాక వారి నమ్మకాన్నీ పోగొడుతుంది.

ఇక్కడ సామాజిక, భావోద్వేగ నైపుణ్యాలు అనే మాట వివరించుకోవాలి. తనలో కలుగుతున్న ఉద్వేగాన్ని గుర్తించడం, దాన్ని అదుపులో పెట్టుకోవడం, ఎదుటివారి స్థితిని అర్థంచేసుకోవడం, సంబంధాలు నిలుపుకోవడం, బాధ్యతతో నిర్ణయం తీసుకోవడం అనే ఐదింటినీ కలిపి ఈ పేరుతో పిలుస్తారు. 1994లో ఏర్పడి ఇప్పుడు షికాగో కేంద్రంగా పనిచేస్తున్న కాసెల్ అనే సంస్థ ఈ ఐదింటి చట్రాన్ని ప్రచారంలోకి తెచ్చింది. 2004లో ఇల్లినాయ్ రాష్ట్రం వీటికి తరగతివారీ ప్రమాణాలు రూపొందించింది. యేల్ విశ్వవిద్యాలయంలో రూపొందిన మూడ్ మీటర్ అనే పట్టిక చాలా అడ్వైజరీ గదుల గోడలమీద కనిపిస్తుంది. నాలుగు రంగుల గళ్ల ఆ పట్టికలో ఒక వైపు శక్తి హెచ్చుతగ్గులు, మరో వైపు హాయి, బాధ ఉంటాయి. శక్తి ఎక్కువై బాధగా ఉన్న కోపం, ఉక్రోషం వంటివి ఎర్రగడిలోకి, శక్తి తగ్గి బాధగా ఉన్న దిగులు, నీరసం వంటివి నీలిగడిలోకి వస్తాయి. బిడ్డ లోపలికి వస్తూ తన గడిని వేలితో చూపి కూర్చుంటుంది. మూడు రోజులుగా నీలిగడినే చూపుతున్న బిడ్డను ఎవరూ గమనించకపోతే ఆ పట్టిక గోడకు అలంకారం మాత్రమే. గమనించేవారుంటే అది పనిముట్టు.

దీన్ని మరింత చదువువైపు నడిపిన బడులూ ఉన్నాయి. ఈఎల్ ఎడ్యుకేషన్ అనే బడుల సమూహం తన అడ్వైజరీని క్రూ అని, అంటే ఓడ సిబ్బంది అని పిలుస్తుంది. అవుట్‌వర్డ్ బౌండ్ సాహస శిక్షణ సంస్థకు ఆద్యుడైన కర్ట్ హాన్ ఆలోచనలు దానికి మూలం. బడిలో ఎవరూ ప్రయాణికులు కారు, అందరూ ఓడ నడిపేవారేనన్నది దాని భావం. రోడ్ ఐలండ్‌లో తొంభయ్యవ దశకంలో డెన్నిస్ లిట్కీ, ఎలియట్ వాషర్ మొదలుపెట్టిన బిగ్ పిక్చర్ బడుల్లోనైతే అడ్వైజరీయే చదువుకు ఇరుసు. క్రూ నడిచే బడుల్లో తల్లిదండ్రుల సమావేశం జరిగే తీరు మన అలవాటుకు పూర్తిగా భిన్నం: టీచరు చెబుతుంటే తల్లిదండ్రులు వినడం, బిడ్డ తలదించుకొని నిలబడడం ఉండవు. బిడ్డే తన పనుల ఫైలు తెరిచి, ఏది బాగా వచ్చిందో, ఏది రాలేదో, రాబోయే నెలల్లో ఏం చేస్తుందో అమ్మానాన్నలకు తానే చెబుతుంది. అడ్వైజర్ పక్కన కూర్చుని అవసరమైతే అందుకుంటారు. దీనికి బిడ్డను వారాల తరబడి సిద్ధం చేసేది క్రూ సమయంలోనే. మార్కులు తగ్గిన సంగతి ఒక పన్నెండేళ్ల పిల్లవాడు తన నోటితో చెప్పి, దానికి కారణం కూడా చెప్పగలిగితే, ఆ ఇంట ఆ సాయంత్రం నడిచే సంభాషణ వేరుగా ఉంటుంది.

ఆధారాలు ఏమంటున్నాయి

ఇదంతా వినసొంపుగా ఉన్నా, ఫలితం ఏమిటని అడిగేవారికి గౌరవంగా జవాబు చెప్పాలి. జోసెఫ్ డర్లాక్, అతని సహచరులు 2011లో ప్రచురించిన సమీక్ష ఈ రంగంలో అందరూ ఉదహరించేది. కిండర్‌గార్టెన్ మొదలు హైస్కూల్ వరకు 2 లక్షల 70 వేలమందికి పైగా విద్యార్థులు పాల్గొన్న 213 కార్యక్రమాలను వారు పోల్చి చూశారు. సామాజిక, భావోద్వేగ నైపుణ్యాల శిక్షణ పొందిన పిల్లలు ప్రవర్తనలోనే కాక చదువు ఫలితాల్లోనూ మిగిలినవారికంటే 11 శాతస్థానాలు ముందున్నారు; అంటే వందమంది వరసలో యాభయ్యో స్థానంలో ఉండే బిడ్డ అరవై ఒకటో స్థానం దాకా ఎక్కగలదన్నమాట. ఆ సమీక్షలోని మరో ఫలితాన్ని చాలామంది దాటవేస్తారు: బయటినుంచి వచ్చిన నిపుణులు నడిపిన కార్యక్రమాల కంటే బడి టీచర్లు నడిపినవాటిలోనే చదువు మెరుగుపడింది. పాఠ్యక్రమం ఎంత బాగా రాసుకున్నా దాన్ని నడిపేది పిల్లలు రోజూ చూసే మనిషి అయి ఉండాలన్నమాట.

మరింత పాతదైన ఒక ప్రయత్నం ఇదే దిక్కుకు వేలు చూపిస్తుంది. ఎనభయ్యవ దశకం తొలినాళ్లలో రాబర్ట్ ఫెల్నర్ బృందం ఒక పెద్ద నగరపు హైస్కూల్లో, కొత్తగా చేరిన పిల్లలలో కొందరిని ముఖ్య తరగతులన్నిటిలో ఒకేచోట ఉంచి, వారి హోమ్‌రూమ్ టీచరుకు సలహాదారు బాధ్యత అదనంగా అప్పగించింది. పిల్లవాడు రాకపోతే ఇంటికి ఫోన్ చేసేది ఆ టీచరే. సబ్జెక్టులు ఎంచుకోవడంలో సాయపడేదీ ఆ టీచరే. ప్రత్యేక పాఠాలేమీ లేవు. కొన్నేళ్ల తరవాత చూస్తే, మామూలు పద్ధతిలో ఉన్నవారిలో 43 శాతం చదువు మధ్యలో మానేయగా, ఈ బృందంలో ఆ సంఖ్య 24 శాతం దగ్గర ఆగింది. అది మిడిల్ స్కూల్ కాదు, పిల్లల సంఖ్యా తక్కువే. అయినా పాఠంకంటే ఏర్పాటే ఎక్కువ పని చేయగలదనడానికి అది మంచి సాక్ష్యం.

విస్కాన్సిన్ రాష్ట్రంలోని మాడిసన్‌లో జెఫ్రీ బోర్మన్ బృందం 11 మిడిల్ స్కూళ్లలో, ఆరో తరగతిలో చేరిన సుమారు 1,300 మందితో చేసిన ప్రయోగ ఫలితాలు 2019లో వెలువడ్డాయి. అందులో పిల్లలకు ఏడాది మొదట్లో రెండు చిన్న రాతపనులు ఇచ్చారు: ముందటేడు పిల్లలు కొత్త బడికి ఎంత భయపడ్డారో, ఆ భయం ఎలా తగ్గిందో చెప్పిన మాటలు చదివి, తమ గురించి రాయాలి. భయపడుతున్నది తామొక్కరే కాదని తెలియడం తప్ప వారికి అందిన సాయం మరేదీ లేదు. అయినా ఏడాది చివరికి క్రమశిక్షణ ఫిర్యాదులు 34 శాతం, గైర్హాజరు 12 శాతం, తప్పిన మార్కులు 18 శాతం తగ్గాయి.

ఎదురు సాక్ష్యం కూడా ఉంది, దాన్ని దాచడం మర్యాద కాదు. బ్రిటన్‌లో 85 బడుల్లో ఎనిమిది వేలకు పైగా పిల్లలతో నిర్వహించి 2022లో ఫలితాలు ప్రకటించిన మిరియడ్ అనే పరీక్షలో, పదకొండు నుంచి పద్నాలుగేళ్ల వారికి ధ్యానం తరహా మనోనిగ్రహ పాఠాలు నేర్పించినా, అప్పటికే మామూలుగా నడుస్తున్న భావోద్వేగ శిక్షణకంటే పిల్లల మానసిక ఆరోగ్యంలో అదనపు మేలు కనిపించలేదు. చాలామంది పిల్లలు ఇంటి దగ్గర సాధన చేయనే లేదు. అయితే ఆ బడుల్లో టీచర్ల అలసట కొంత తగ్గి, బడి వాతావరణం కొంత మెరుగైంది. ఒక నైపుణ్యాన్ని పొట్లం కట్టి పదివారాల పాఠంగా అందించడం ఈ ఈడు పిల్లల దగ్గర అంతగా పారదని, ఆ పదమూడేళ్ల మనిషిని గౌరవించే వాతావరణం పారుతుందని ఈ ఫలితాలను చదువుకోవచ్చు.

అడ్వైజరీ చెడిపోయే దారులు అందరికీ తెలిసినవే. ఆ పీరియడ్‌ను ప్రకటనలకు, ఫారాలు నింపడానికి, హోంవర్క్ పూర్తిచేసుకోవడానికి, పరీక్షలు దగ్గరపడితే లెక్కల పునశ్చరణకు వాడుకుంటారు. సైన్సు చెప్పడానికి శిక్షణ పొందిన టీచరును పట్టుకుని, ఒక ఫైలు చేతికిచ్చి, ఈ వారం సానుభూతి పాఠం చెప్పమంటారు. ఆ టీచరుకు అది ఎంత ఎబ్బెట్టుగా ఉంటుందో పిల్లలకు అంతకుమించి ఎబ్బెట్టుగా ఉంటుంది. మొదటి ఏడాది ఆ గదిలో కూర్చున్న టీచరు రెండో ఏడాదికి మరో బడికి మారిపోతారు. బృందంలో ఇరవై అయిదు మంది చేరగానే వలయం మామూలు తరగతిగా మారిపోతుంది. ఇవికాక చట్టపరమైన చిక్కు ఒకటుంది: బిడ్డపై దౌర్జన్యం జరుగుతున్నట్టు అనుమానం కలిగితే అధికారులకు తెలియజేయడం అమెరికాలో టీచర్లకు తప్పనిసరి, కాబట్టి ఇక్కడ చెప్పినదేదీ బయటికి పోదని ఏ అడ్వైజరూ మాట ఇవ్వకూడదు; ఏది గోప్యంగా ఉంటుందో, ఏది ఉండదో తొలివారంలోనే పిల్లలకు విప్పిచెప్పాలి. ఇటీవల రాజకీయ వివాదం కూడా తోడైంది. ఇంట్లో నేర్పవలసిన విలువలను బడి నేర్పడమేమిటని కొన్ని రాష్ట్రాల్లో తల్లిదండ్రుల సంఘాలు అభ్యంతరం చెబుతున్నాయి. 2022 ఏప్రిల్‌లో ఫ్లోరిడా విద్యాశాఖ కొన్ని గణిత పుస్తకాలను తిరస్కరిస్తూ చూపిన కారణాల్లో ఈ శిక్షణ కూడా ఒకటి.

మన హైస్కూళ్ల సంగతి

భారతదేశంలో ఈ ఆలోచనకు దగ్గరగా వచ్చినవి కొన్ని ఉన్నాయి. 2020 జాతీయ విద్యావిధానం ఆరు నుంచి ఎనిమిదో తరగతి వరకు విడిగా ఒక మధ్య దశను గుర్తించింది. ఢిల్లీ ప్రభుత్వ బడుల్లో 2018 జూలైలో దలైలామా సమక్షంలో మొదలైన హ్యాపినెస్ పాఠ్యక్రమం ఎనిమిదో తరగతి వరకు రోజూ ఒక పీరియడ్‌ను ధ్యానానికి, కథలకు, చర్చకు కేటాయించింది. ఆరో తరగతిలో ప్రవేశం ఇచ్చే నవోదయ విద్యాలయాల్లో ఆరావళి, నీలగిరి, శివాలిక్, ఉదయగిరి పేర్లతో పిల్లల్ని హౌస్‌లుగా విడదీసి హౌస్ మాస్టర్లను నియమించడం, 1971లో నాటి నల్గొండ జిల్లా సర్వేల్‌లో మొదలైన బాటలో నడిచిన తెలుగు గురుకులాల్లో టీచర్లు ప్రాంగణంలోనే ఉండడం, ఇవన్నీ పిల్లలకు ఒక పెద్దదిక్కు ఉండాలన్న ఆలోచన ఇక్కడ కొత్త కాదని చూపుతున్నాయి. హాస్టల్ లేని మామూలు బడిలోనే ఆ ఏర్పాటు బలహీనం.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ పల్లెల్లో ఐదో తరగతి వరకు ఊరి బడిలో ఒకరిద్దరు టీచర్ల దగ్గర చదివి, ఆరో తరగతికి ఆటోలోనో బస్సులోనో పక్క ఊరి జిల్లా పరిషత్ హైస్కూల్‌కు పోయే బిడ్డకు ఎదురయ్యే మార్పు, మిల్వాకీలోని పిల్లకు ఎదురైనదానికి భిన్నమైనదేమీ కాదు. ఊరి బడిలో మాస్టారికి ఆ బిడ్డ తల్లిదండ్రులు, తాతముత్తాతలు తెలుసు. ఇక్కడ సబ్జెక్టుకొక సారో మేడమో గంట గంటకు వచ్చి వెళతారు. క్లాస్ టీచర్ అనే పదవి ఉన్నా, అది ఎక్కువగా హాజరు పట్టీ, స్కాలర్‌షిప్ దరఖాస్తులు, మధ్యాహ్న భోజనం లెక్కల చుట్టూ తిరుగుతుంది. అమెరికా పద్ధతిలోని పలకరింపును ఉన్నపళంగా తెచ్చి ఇక్కడ అతికించనక్కర లేదు. వాడుకలో ఉన్న ఏర్పాట్లలోనే కొంత చోటు ఉంది: ప్రార్థన తరవాత హాజరు వేసే పది నిమిషాలు అలాంటి చోటు. ఒక పేరు పిలిచి, తల ఎత్తి, ఆ బిడ్డను చూసి, నిన్న ఎందుకు రాలేదని అడిగి, జవాబు వినే టీచరు ఇప్పటికే ప్రతి బడిలో ఒకరిద్దరు ఉంటారు. వారు తమంత తాముగా చేస్తున్న దాన్ని బడి మొత్తం ఏర్పాటుగా మార్చడమే మిగిలింది. చట్టం మాట ఇక్కడా వర్తిస్తుంది: 2012 పోక్సో చట్టం ప్రకారం లైంగిక నేరం జరిగిందని తెలిసినవారు ఎవరైనా ఫిర్యాదు చేయాలి గనుక, పిల్లల మాట వినదలచిన టీచరుకు అలాంటి మాట చెవినపడితే ఏం చేయాలో ముందే తెలిసి ఉండాలి.

లెక్క విషయానికి వస్తే, అమెరికా బడులు బృందాలను చిన్నవిగా ఉంచడానికి ఒక ఉపాయం పన్నాయి. పాఠం చెప్పే టీచర్లతోనే సరిపెట్టకుండా, లైబ్రేరియన్, వ్యాయామ ఉపాధ్యాయులు, కౌన్సిలర్, కొన్నిచోట్ల ప్రిన్సిపల్‌తో సహా అందరికీ ఒక్కో బృందాన్ని అప్పగిస్తాయి. మూడు వందలమంది పిల్లలు, పన్నెండుమంది టీచర్లు ఉన్న జిల్లా పరిషత్ హైస్కూల్లో బృందానికి పాతికమంది వస్తారు. పీఈటీ, డ్రాయింగ్ మాస్టారు, హెడ్మాస్టరు కూడా తలా ఒక బృందం తీసుకుంటే అది ఇరవైకి దిగుతుంది. సగం బృందం ఒకరోజు, మిగతా సగం మరునాడు కూర్చుంటే పదిమంది వలయం కుదురుతుంది. ఒక ఊరి పిల్లలంతా ఒకే బృందంలో పడితే ఊళ్లోని తగవులు, కులాల పట్టింపులు వెంట వస్తాయి గనుక ఊళ్లను కలిపి బృందాలు కట్టడం మంచిది. అన్నిటికంటే ముందు తేలవలసిన సంగతి, ఆ ఇరవై నిమిషాలను ఏ పీరియడ్ నుంచి కోయాలన్నది. పదో తరగతి ఫలితాలు కళ్లముందున్న లెక్కల మాస్టారు తన గంటలో నిమిషం కూడా వదలనంటారు, సైన్సు మేడమ్ అదే మాట అంటారు. టైమ్‌టేబుల్ కాగితం ముందు పెట్టుకుని స్టాఫ్‌రూమ్‌లో జరిగే ఆ మొదటి బేరంలోనే ఈ ఏర్పాటు నిలుస్తుందో లేదో సగం తెలిసిపోతుంది.